కోటవాకిట చెప్పులు

గురువమ్మాళ్ చేతిలోని టిఫిన్ డబ్బా ముత్తురామన్ బల్ల మీద దబ్బున పడింది. మూత ఊడి పెరుగన్నం అతని చొక్కా మీదికి చిందింది.

"మూడు దినాలాయ నా బిడ్డ కూడు తిని! నువ్వు ఈడ ఫ్యాను కింద కూసోని లేచిపోయినాది, లేచిపోయినాదని పాట పాడతా ఉండావు. ఇంగొక్కతూరి ఆ మాట అను, ఈ డబ్బాతోనే నీ పండ్లు రాలగొడతా!"

బృంద ఆమెను ఆపలేదు. ఆపాలని అనిపించనూ లేదు.

విరుదునగర్‌లో చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతుంది బృంద. అంతకుముందు పోలీసు శాఖలో పనిచేసి, పై అధికారి మొహం మీదే ఉద్యోగం విసిరికొట్టి బయటికి వచ్చింది. కోపం ఆమెకు పాత జబ్బు. పొద్దున్నే పెరుమాళ్ పటం ముందు దీపం పెట్టి, "ఈ రోజైనా నా నోరు అదుపులో ఉంచు స్వామీ" అని అడగడం అలవాటు. ఇవాళ అది అడగలేదు. "నువ్వు అన్నీ చూస్తావంటారు కదా. ఆ పిల్లనూ చూసే ఉంటావు. మరి ఎందుకు ఊరుకున్నావు?" అని అడిగింది. పటంలోని స్వామి ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు. ఆమె దీపం కొండెక్కకుండా సర్ది, బస్సు ఎక్కి కోవిల్‌పట్టి వచ్చేసింది.

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అందరూ ఆఫీసనే అంటారు. ఆదివారం నాడు ఈ ఆఫీసు వాళ్ళు ఒక వ్యాను మాట్లాడుకుని విహారానికి వెళ్ళారు. పొద్దున పాంచాలంకురిచ్చి కోట చూశారు. మధ్యాహ్నం విళాత్తికుళం దారిలో ఉన్న వెంగమనాయక్కర్ పాత కోటలో దిగి భోజనాలు చేశారు. సాయంత్రం వ్యాను బయల్దేరే వేళకు గురువమ్మాళ్ కూతురు నిరోషా లేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఫోన్ పలకలేదు. ఎవరితోనో బైకు ఎక్కి వెళ్ళిపోవడం తన కళ్ళతో చూశానని సూపర్వైజర్ ముత్తురామన్ చెప్పాడు. పోలీసులు ఆ మాట రాసుకుని ఊరుకుంటే, గురువమ్మాళ్ బృందను పిలిపించుకుంది. ఇవాళ మంగళవారం.

"చొక్కా తరవాత తుడుచుకోవచ్చు. మొదటినుంచి చెప్పు" అంది బృంద.

"ఇన్‌స్పెక్టర్ కాడ చెప్పినా కదమ్మా."

"ఆయనకు చెప్పింది ఆయనకు. నాకు చెప్పు."

ముత్తురామన్ మెతుకులు దులుపుకుంటూ, ఆ ఊళ్ళ అరవం కలిసిన తెలుగులో గొణిగాడు. "రెండున్నర ఉంటాది. అందరూ తిని నీడన పడుకోని ఉండారు. నేను వ్యాను వండిలో నీళ్ళ క్యాను తీసుకుందామని కోటవాకిటికి వచ్చినా. ఆ పిల్ల చెప్పులు తొడుక్కుంటా ఉండాది. బయట ఎర్ర బైకు మీద ఎవడో పయ్యన్, కుర్రోడు. ఎక్కినాది, పోయినాది. అంతేదా."

"పిలిచావా?"

"వయసుకు వచ్చిన పిల్ల. నేను ఎవరు అడిగేదానికి?"

"చెప్పుల్లో ఊరికే కాళ్ళు దూర్చిందా? వార్లు పెట్టుకుందా?"

ముత్తురామన్ ఈ ప్రశ్నకు సిద్ధంగా లేడు. కాని గట్టిగా చెబితే నమ్ముతారనుకున్నాడు. "కూసోని, రెండు కాళ్ళకూ వెనక వారు బాగా బిగించినాది. కళ్ళార చూసినా."

"ఏ చెప్పులు?"

"ఆయుదపూజకు ఆఫీసు ఇచ్చినవేదా. ఆడోళ్ళందరికీ ఒకే మాదిరి, గోదుమ రంగు. నా చేత్తోనే కదా పంచినా."

"కోటవాకిట్లో నువ్వు నీ చెప్పులు ఎక్కడ విడిచావు?"

"నాకు బూట్లు. కాలు నొప్పి. నేను విడవలే."

గురువమ్మాళ్ మళ్ళీ మండిపడింది. "జక్కమ్మ తల్లి రాయి ముందర బూట్లతో నడిచినావా? కలెక్టర్ వచ్చినా ఆ వాకిట్లో చెప్పు విడిచే లోపలికి పోతాడు, నీకేమిరా అంత?"

బృంద అతని బూట్ల వంక ఒక్కసారి చూసి బయటికి నడిచింది.

బయట షెడ్డు వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ గోధుమ రంగువే. అందరూ వాటిని విడిచి, చాపల మీద కూర్చుని పెట్టెల్లో పుల్లలు నింపుతున్నారు. టీ గంట కొట్టగానే ఒక్కొక్కరూ లేచి వచ్చి, క్షణం కూడా వెతక్కుండా తమ జతలో కాళ్ళు పెట్టి వెళ్తున్నారు.

నిరోషా పక్కనే కూర్చుని పనిచేసే పాప్పా చివరగా వచ్చింది. పొట్టిపిల్ల. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఆమె నడుస్తుంటే చెప్పులు టపటపమని నేలను కొడుతున్నాయి. మడమ వెనక రెండు వేళ్ళ చోటు ఖాళీగా ఉంది. వారు చివరి కన్నందాకా లాగి, అందులో గుడ్డపేలిక కుక్కింది.

"పాప్పా, ఇలా రా. ఆ చెప్పులు నీవేనా?"

ఆ ఒక్క ప్రశ్నకు పాప్పా భగ్గుమంది.

"నావి కాదక్కా! నావి ఆ మగరాయి ఏసుకోని పోయినాది! లవ్వు చేస్తే చెయ్యి, లేచిపోతే పో, నాకేమి? నా చెప్పు ఎందుకే నీకు? ఆదివారం వండి ఎక్కబోతే కుప్పలో నాది లేదు. మిగిలింది ఇదొక్క జత. సీమకరువేలం తుమ్మ ముళ్ళలో వట్టి కాళ్ళతో రాగలమా? ఇదే ఏసుకున్నా. మూడు దినాలుగా ఊరంతా ఎగతాళి, బాతు మాదిరి నడుస్తా ఉండావే అని!"

"అవి నిరోషావని ఎట్లా తెలుసు?"

"ఏమక్కా అట్ల అడుగుతారు? ఇదో, వారుకు ఊదా నూలు చుట్టింది చూడండి. అది నిరోషా గుర్తు. నాదానికి నెయిల్ పాలిష్‌తో ఎర్ర సిలువ. ఇళవరసిదానికి పూస. గుర్తు లేకుంటే ఈ వాకిట్లో దినమూ జుట్టుజుట్టు పట్టుకోవాల్సిందేదా."

"పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పు మారిపోయిందని పోలీసుకు పోతారా ఎవరైనా?"

బృంద వంగి, పాప్పా కాళ్ళ నుంచి ఆ జత విప్పించి గురువమ్మాళ్ ముందు పెట్టింది. గురువమ్మాళ్ ఊదా నూలును వేలితో తడిమింది.  పాప్పా ఆమెను నవ్వించాలని చూసింది.

"అత్తా, ఊరికే ఉండు. దాని కాలు ఎంత పెద్దదో నీకు తెలవదా? నేను దినమూ అంటా, నీకు చెప్పు కాదే, వేంబారు పడవ కావాలని. అది నా చెప్పులో..."

పాప్పా నవ్వు అక్కడే ఆగిపోయింది. తన చిన్న పాదం వంకా, నేల మీద ఉన్న పెద్ద చెప్పు వంకా చూసుకుంది. 

"అక్కా. దాని కాలు నాదాంట్లో పట్టదే. సగం కూడా పట్టదే."

"పట్టదు" అంది బృంద. "ముత్తురామన్ మాత్రం ఆ పిల్ల కూర్చుని వారు బిగించుకోవడం చూశాడట."

గురువమ్మాళ్ బృంద చెయ్యి పట్టుకుంది. "నాకు తెలిసేటట్టు చెప్పు తల్లీ."

"నీ కూతురు ఆ కోట దాటి బయటికి రాలేదమ్మా. వచ్చి ఉంటే తన చెప్పులు వేసుకునేది. కుప్పలో ఒక జత మిగిలిపోతే అందరూ లోపలికి వెళ్ళి వెతుకుతారు కదా. అలా వెతక్కూడదని ఎవరో ఒక జత తీసి దాచారు. కాని వేరే జత తీశారు. రోజూ ఈ వాకిట్లో చెప్పు విడిచే ఏ మనిషీ ఆ పొరపాటు చెయ్యదు. ఎప్పుడూ విడవనివాడికి అన్నీ ఒకటే చెప్పులు."

పాప్పా తల తిప్పి అద్దాల గది వంక చూసింది. ముత్తురామన్ ఫోన్ చెవికి ఆనించి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"వాణ్ణి ఇప్పుడే ఈడ్చుకొచ్చి అడగదామా అక్కా?"

"అడిగితే లేదంటాడు. లాయరును పిలుస్తాడు. మనకు అంత పొద్దు లేదు. మీరు ఒక్క పని చెయ్యండి. నేను ఫోన్ చేసేదాకా అతను గేటు దాటకూడదు."

"అరవై మందిమి గేటుకు అడ్డం కూసుంటాం. మమ్మల్ని తొక్కుకోని పొమ్మను చూద్దాం" అంది పాప్పా. ఆమె గొంతులో ఇప్పుడు చెప్పుల కోపం లేదు. అంతకన్నా పెద్ద కోపం ఉంది.

*

కోటవాకిట్లో ద్వారం అంటూ ఏమీ మిగల్లేదు. రెండు రాతికంబాలు, వాటి మధ్య పసుపు పూసిన జక్కమ్మ రాయి. బృంద చెప్పులు విడిచి రాతికి నమస్కరించింది. ఏ కాలంలో ఏ నాయక్కర్ పెట్టిన కట్టుబాటో ఇది. చెప్పులు విడవమన్న ఈ తల్లి, ఆ చెప్పులతోనే పిల్ల జాడ చెప్పిందా? లేక అది ఒక పిరికివాడి తొందరపాటేనా? ఆమెకు తెలియలేదు. కానీ నమస్కారం మాత్రం మామూలు కన్నా కొంచెం ఎక్కువసేపు చేసింది.

"నిరోషా! నిరోషమ్మా!" గురువమ్మాళ్ అప్పటికే లోపలికి పరుగెత్తింది. ఆమె పిలుపు కూలిన గోడలకు తగిలి తిరిగి వస్తోంది, అంతే.

బృంద గోడ వెంబడి నడిచింది. అందరూ భోజనం చేసిన చోటు తేలిగ్గానే దొరికింది. విస్తరాకులు, గుడ్డుపెంకులు. అక్కడి నుంచి నిరోషా ఎటు వెళ్ళి ఉంటుంది? తిన్నాక పడుకునే పిల్ల కాదని, కోట మొత్తం చుట్టివస్తానని లేచిందని పాప్పా చెప్పింది. తూర్పు వైపు ఖాళీ మైదానం. దక్షిణాన బురుజు మీద ఎవరో జంట పేర్లు చెక్కుకున్నారు, నడిచే దారి ఉంది. ఉత్తరం వైపు మాత్రం ముళ్ళు.

ఏదైనా దాచాలంటే ఎవరూ నడవని చోటే అనువు కాబట్టి బృంద ఉత్తరానికే వెళ్ళింది. అడుగడుగునా ముల్లు గుచ్చుకుంటోంది. ఒక్కొక్క ముల్లు పీకినప్పుడల్లా ముత్తురామన్ బూట్లు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అక్కడ గోడ కూలిన చోట బయటి కందకం కనిపించింది. ఎండిపోయిన కందకంలో, ఒక పొద నడుమ, గోధుమ రంగుగా ఏదో ఉంది. గురువమ్మాళ్ పైనుంచి చీర కొంగు పట్టుకుంటే బృంద దిగి తీసింది. ఒక జత చెప్పులు. చిన్నవి. వారు మీద నెయిల్ పాలిష్‌తో గీసిన ఎర్ర సిలువ.

బృంద పైకి వచ్చి చుట్టూ చూసింది. చెప్పులు విసిరినవాడు ఎక్కడ నిలబడి విసిరాడు? ఆ పక్కనే ఉత్తరపు గోడలో ముళ్ళకంపలు నిలువెత్తు పోగుపడి ఉన్నాయి. చుట్టూ ఉన్న చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఈ కంపలు ఎండిపోయి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే కొమ్మల మొదళ్ళు కత్తితో నరికినవి. చెట్టు నుంచి విరిగి పడినవి కావు, ఎవరో తెచ్చి వేసినవి.

ఇద్దరూ చేతులు చీరుకుపోతున్నా కంపలు లాగేశారు. వెనక ఒక తలుపు బయటపడింది. పాత రాతి చట్రం, దానికి చెక్కలు కొట్టి పైన రేకు తాపిన కొత్త తలుపు. కొండీకి తాళం. గోడ ముందుకు వాలిపోవడంతో తలుపు కూడా బయటి వైపుకు ఒరిగినట్టు ఉంది.

"ఇది నాయక్కర్ కాలంలో తుపాకీ మందు పెట్టే గది" అంది గురువమ్మాళ్. "మా అవ్వ చెప్పేది. నిరోషా! నిరోషా!"

ఆమె రెండు చేతులతో తలుపు బాదబోయింది. బృంద ఆమె మణికట్టు పట్టుకుంది. గడప రాతి మీద వెండి రంగు పొడి ఉంది. బృంద వేలితో అద్ది చూసింది. చంద్రుడి మీది దుమ్ములా తళతళలాడుతూ, ఎంత తుడిచినా చర్మం వదలని పొడి. టపాకాయలు తయారయ్యే విరుదునగర్ జిల్లాలో పుట్టినవాళ్ళకు అది కొత్త కాదు. మెరుపుల టపాకాయల్లో కలిపేది అదే. అది కాలిన షెడ్ల ముందు ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్నోసార్లు నిలబడింది. చాపల్లో చుట్టిన మనుషుల్ని లెక్కపెట్టించింది.

"తట్టకమ్మా. ముందు ఇదేమిటో చూడనీ."

"ఏమి చూసేది? నా బిడ్డ లోపల ఉండాది!"

"ఉంది. అందుకే అంటున్నాను."

వెనక నుంచి జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

*

ఇన్‌స్పెక్టర్ కుమారవేల్ ముళ్ళను బూట్లతో తొక్కుకుంటూ వచ్చాడు. వెంట ఒక కానిస్టేబుల్. కుమారవేల్ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. యూనిఫారం వేసుకుంటే మాత్రం అతని నోట అరవం తప్ప రాదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందారు. అప్పటి నుంచీ పడదు.

"ఆఫీసులో గలాటా చేసి మీరు ఇటే వచ్చారని ముత్తురామన్ ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆడవాళ్ళంతా గేటుకు అడ్డంగా కూర్చున్నారట. ఇదంతా నీ పనేనా బృందా?"

"నాదే. నువ్వు చెయ్యాల్సిన పని నేను చేస్తున్నాను. జీతం మాత్రం నువ్వే తీసుకో."

"నోరు అదుపులో పెట్టుకో. ఒక ఓడుకాలి కోసం..."

ఆ మాట అరవంలో లేచిపోయిన ఆడదాన్ని తిట్టే మాట. అది పూర్తయ్యేలోపు గురువమ్మాళ్ నేల మీది మట్టిగడ్డ తీసి అతని ఛాతీకి కొట్టింది. నల్లరేగడి మట్టి ఖాకీ చొక్కా మీద పగిలి రాలింది.

"నా బిడ్డను అట్ల అనేదానికి నీ నోట్లో పురుగు పడ! నిన్న స్టేషన్‌లో నీ కాళ్ళు పట్టుకున్నా. పొద్దు గుంకేదాక కూసోబెట్టినావు. రెండు దినాల్లో నీ కూతురే ఫోన్ చేస్తాది, స్వీటు కొనిపెట్టుకో అని నవ్వినావు. నవ్వు ఇప్పుడు!"

కానిస్టేబుల్ ముందుకు రాబోయాడు. కుమారవేల్ చెయ్యి అడ్డం పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

బృంద రెండు జతల చెప్పులు అతని ముందు పెట్టింది. ఊదా నూలు జత ఎవరిదో, సిలువ జత ఎవరిదో, ఏది ఎవరి కాళ్ళకు ఉందో, ఏది కందకంలో దొరికిందో చెప్పింది. నిరోషా వారు బిగించిందన్న ముత్తురామన్ మాటా చెప్పింది. కుమారవేల్ చిన్న జతను తీసి తిప్పి చూశాడు.

"తొందరలో వేరే జత వేసుకుంది. పట్టలేదు. విసిరేసి వట్టి కాళ్ళతో బైకు ఎక్కింది."

"వాకిట్లో బైకు ఉంటే, పట్టని చెప్పులు పట్టుకుని ముళ్ళలో ఇంత దూరం వచ్చి కందకంలో విసిరి మళ్ళీ వాకిటికి వెళ్ళిందా? నువ్వు వింటున్నావా నీ మాటలు నువ్వే?"

"నా దగ్గర కళ్ళతో చూసిన సాక్షి ఉన్నాడు. నీ దగ్గర నెయిల్ పాలిష్ ఉంది."

"నీ సాక్షే ఆ పిల్లను ఇక్కడ పెట్టాడు. ఈ పొడి చూడు. లైసెన్సు లేని టపాకాయల మందు. ఊళ్ళో గోదాములో పెడితే సోదాల్లో దొరుకుతుందని ఈ కోటలో దాచాడు. కోట చూద్దామని లేచిన పిల్ల ఇటు వచ్చింది. చూడకూడనిది చూసింది."

"సిల్వర్ పెయింటు."

"నాకు పెయింటుకూ పౌడర్‌కూ తేడా తెలుసు. నువ్వు కాలిన షెడ్లకు మంత్రితో పాటు వెళ్ళేవాడివి, మంటలారిన తర్వాత. నేను ముందే వెళ్ళేదాన్ని."

కానిస్టేబుల్ ఈ గొడవ ఇప్పట్లో తెగదనుకుని బీడీ నోట్లో పెట్టుకున్నాడు. బృంద ఒక్క అంగలో వెళ్ళి అతని చేతిలోని అగ్గిపెట్టెను కొట్టింది. అది ఎగిరి కందకంలో పడింది.

"బుద్ధుందా నీకు? ఇక్కడి నుంచి వాకిటిదాకా ఎవరూ నిప్పు ముట్టించకూడదు. ఇనుము తగలకూడదు. బూట్లు విప్పండి ఇద్దరూ. కుమారవేల్, అగ్నిమాపకం వాళ్ళకు ఫోన్ చెయ్యి. మందు సంగతి తెలిసినవాళ్ళు వచ్చేదాకా ఆ తలుపు ముట్టుకోవద్దు."

"వాళ్ళు వచ్చేసరికి ఎంతసేపవుతుందో తెలుసా?"

"తెలుసు."

గురువమ్మాళ్ గిర్రున తిరిగి బృంద ఎదుట నిలబడింది. "నువ్వు కూడానా? ఆయన రెండు దినాలు ఆపినాడు. ఇప్పుడు నువ్వు ఆపుతావా? నీళ్ళు లేక అది లోపల కొస ఊపిరితో ఉంటే? తియ్యి తలుపు!"

బృంద తలుపు ముందు నుంచి జరగలేదు. ఆ తల్లి మాటలో తప్పు లేదు. తన మాటలోనూ లేదు. లోపల పిల్లకు మిగిలి ఉన్నది ఎన్ని నిమిషాలో పైనున్నవాడికే తెలియాలి. అతన్ని అడిగితే చెప్పడు. ఆమె తలుపుకు చెవి ఆనించి, మెల్లగా పిలిచింది. "నిరోషా." మళ్ళీ పిలిచింది. లోపల ఏ చప్పుడూ లేదు.

"చూశావా? ఎవరూ లేరు" అన్నాడు కుమారవేల్. "ఈ ముసలమ్మను లేనిపోని ఆశతో చంపుతున్నావు. ఒక పాడుబడ్డ గదిలో ఏముందో చూడ్డానికి అగ్నిమాపకం వాళ్ళను పిలిస్తే రేపు జిల్లా అంతా నన్ను చూసి నవ్వుతుంది. తప్పుకో."

"కుమారవేల్, వద్దు."

"తియ్యయ్యా!" అని అరిచింది గురువమ్మాళ్.

బృంద అడ్డం వచ్చేలోపే అతను తాళం పట్టుకుని, రాతి చట్రానికి కాలు తన్నిపెట్టి, కొండీని ఊడలాగాడు. చెద పట్టిన చెక్కలోంచి మేకులు మెత్తగా ఊడి వచ్చాయి. తలుపు అతని వైపు జానెడు జరిగింది.

"లాగొద్దు!"

లోపలి నుంచి వచ్చింది ఆ గొంతు. ఎండిపోయి, గరగరలాడుతూ, మనిషి గొంతులా లేదు.

"లాగొద్దు సామీ, లాగొద్దు! మూయనూ వద్దు! తలుపుకు మందు పట్టీ అంటించినాడు!"

కుమారవేల్ ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయాడు. రేకు అంచు అతని రెండు చేతుల్లో ఉంది.

"నిరోషా!" గురువమ్మాళ్ ముందుకు దూకింది. బృంద ఆమె నడుము చుట్టూ చేతులు వేసి ఆపింది. ఇద్దరూ నేల మీద కూలబడ్డారు.

"నిరోషా, నేను బృందను. మీ అమ్మ ఇక్కడే ఉంది. పిలిస్తే ఎందుకు పలకలేదమ్మా?"

"వాడే వచ్చినాడనుకున్నా అక్కా. మళ్ళీ వస్తా అన్నాడు. సత్తువ కూడా లేదు."

"పట్టీ ఎక్కడ ఉంది? నీకు కనిపిస్తోందా?"

"ఇప్పుడు వెలుగు వచ్చినాది, కనిపిస్తా ఉండాది." మాటకూ మాటకూ నడుమ ఆమె ఊపిరి తీసుకుంటోంది. "అగ్గిపెట్టె పక్కన పూసే గరుకు మందు, మూర పొడుగు పట్టీ, తలుపు లోపలి అంచుకు అంటించినాడు. గోడరాతికి కట్టలు కట్టలుగా పుల్లలు. కింద మూట విప్పి పెట్టినాడు, వెండి మందు. తోస్తే నువ్వే కాలిపోతావు, ఊరికే ఉండు అని చెప్పి, సందులో చెయ్యి పెట్టి ఆ కట్టలు కట్టి పోయినాడు."

"ఇప్పుడు పట్టీ పుల్లలకు ఎంత దూరంలో ఉంది?"

నిరోషా మెడ సాచి చూసినట్టుంది.

"దూరం లేదు అక్కా. పుల్లల తలల మీదే ఉండాది."

బృందకు అంతా కళ్ళకు కట్టింది. ముందుకు లాగినా రాపిడే, వెనక్కి తోసినా రాపిడే. వాలు గోడలో ఉన్న తలుపు, వదిలేస్తే తన బరువుకు తానే తెరుచుకుంటుంది. ఇప్పుడు దాన్ని పట్టి ఉంచింది కుమారవేల్ రెండు చేతులు మాత్రమే.

"నీ చేతులు, నిరోషా?"

"వెనక్కి కట్టినాడు. మూట కుట్టే పురికొసతో."

"కదలకు. అక్కడే ఉండు." బృంద లేచింది. "కుమారవేల్, నువ్వూ కదలకు. ఊపిరి కూడా మెల్లగా తీసుకో. కానిస్టేబుల్, బూట్లు విప్పి వాకిటిదాకా పరుగెత్తు. అక్కడి నుంచి ఫోన్ చెయ్యి, ఇక్కడ కాదు."

కానిస్టేబుల్ బూట్లు అక్కడే వదిలి పరుగెత్తాడు. బృంద తన చేతి గాజులన్నీ తీసి ఒక పక్క పెట్టింది. వెంట తెచ్చుకున్న సీసాలోని నీళ్ళతో నూలుచీర కొంగు తడిపింది. చారెడు గుడ్డ చించి గుప్పిట్లో పట్టుకుంది. పుల్లల తలలన్నీ తడిగుడ్డతో కప్పేస్తే రాజుకోవు. ఆ జానెడు సందులోంచి చెయ్యి పెట్టి, కళ్ళతో చూడకుండా, పట్టీకి తగలకుండా ఆ పని చెయ్యాలి.

"మోచెయ్యి పట్టదు బృందా" అన్నాడు కుమారవేల్. తెలుగులోనే అన్నాడు. చెమట అతని కనుబొమల మీదుగా కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"పట్టిస్తాను."

"నేను... స్టేషన్‌లో ఆమెతో..."

"ఇప్పుడు కాదు. ఇప్పుడు తలుపు పట్టుకో. నీ మీద నాకున్న కోపం ఎక్కడికీ పోదు, భయపడకు."

లోపలి నుంచి నిరోషా అడిగింది. "అమ్మా ఉండావా?"

గురువమ్మాళ్ లేచి వచ్చి కుమారవేల్ వెనక నిలబడింది. అతని చంకల కింది నుంచి తన రెండు చేతులూ చాపి, రేకు అంచు మీద అతని వేళ్ళ పక్కన తన వేళ్ళు బిగించింది. గుండెకు కొట్టిన మట్టి ఇంకా అతని చొక్కాకు అంటుకునే ఉంది. అది ఆమె చేతులకూ అంటింది.

"ఉండానమ్మా" అంది. "మేమిద్దరమూ పట్టుకోని ఉండాం."

బృంద పెరుమాళ్ పేరు తలుచుకోబోయి ఆగింది. ఆయనతో తేల్చుకోవాల్సింది తర్వాత తేల్చుకోవచ్చు. తడిగుడ్డ పట్టుకున్న చేతిని సందులోకి దూర్చింది. రేకు అంచు ముంజేతిని చీరింది. రాయి చల్లగా తగిలింది. తర్వాత వేళ్ళ కొసలకు చిన్నచిన్న గుండ్రటి తలలు, వరసలు వరసలుగా.

మొదటి కట్ట మీద గుడ్డ పరిచింది. రెండో కట్ట కోసం వేళ్ళు జరిపింది.

తలుపు బరువుకు కుమారవేల్ చేతుల్లో రేకు వెంట్రుకంత జారింది. రేకు మీద గోరు గీరినట్టు సన్నని చప్పుడు వినిపించింది.

"అక్కా" అంది లోపలి నుంచి నిరోషా, చాలా నెమ్మదిగా. "పొగ వస్తా ఉండాది."